తీసేయడానికీ ఒక రోజు కావాలి

మన ఇళ్లలోకి వస్తువులు రావడానికి సందర్భాలకు కొదవ లేదు. పెళ్లి, గృహప్రవేశం, అక్షయ తృతీయ, దసరా, ఆషాఢం తగ్గింపు ధరలు, ఇవన్నీ చాలవన్నట్టు ఏ అర్ధరాత్రో ఫోన్లో కనిపించే ప్రకటన. వచ్చినవి బయటికి వెళ్లడానికి మాత్రం వేళంటూ లేదు. కానుకగా వచ్చిన గోడ గడియారాలు, డిన్నర్ సెట్లు పెట్టె విప్పకుండానే అటకెక్కుతాయి. కట్టని పట్టుచీరలు బీరువాలోనే మడతల దగ్గర చిరుగుతాయి. కాలిపోయిన మిక్సీ, ఆగిపోయిన ఫోను, పిల్లలు ఎప్పుడో దాటేసిన తరగతుల గైడ్లు అలాగే పడి ఉంటాయి. కావాలని దాచినవి వీటిలో కొన్నే. తక్కినవి తీసేయాలన్న ఆలోచన ఎవరికీ రాక మిగిలిపోయినవి. కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడే మనం, ఉంచుకునేటప్పుడు ఒక్క నిమిషమైనా ఆలోచించడం లేదు. ఉంచుకోవడం కూడా ఆలోచించి చేయాల్సిన పనేనని, అందుకు ఏడాదిలో ఒక రోజు కేటాయించుకోవాలని నా వాదన.

రోజు ఎందుకు, తోచినప్పుడు తీసేస్తే చాలదా అనవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది, అది మనకు తోచదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగాలు ఇదే చూపించాయి. లెగో ముక్కలతో కట్టిన ఒక చిన్న కట్టడం ఇచ్చి, దాని పైకప్పు బరువు మోసేలా గట్టిపరచమన్నారు. కొత్తగా పెట్టే ప్రతి ముక్కకూ వారికిచ్చే డబ్బులో 10 సెంట్లు కోత. ఉన్న ఒక్క ముక్కను తీసేస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. అయినా ఆ దారి పట్టినవాళ్లు 41 శాతమే. ‘ముక్కలు తీసేయడానికి ఖర్చేమీ లేదు’ అని ముందే గుర్తుచేసినప్పుడు వారు 61 శాతమయ్యారు. కలపడం మనసుకు దానంతటదే తట్టే పని, తీసేయడం ఎవరైనా గుర్తుచేస్తే తప్ప తట్టని పని అన్నమాట. దీనికి తోడు సొంతమైన వస్తువు మీద మమకారం. కానెమాన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు చేతికందిన విద్యార్థులు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. కప్పు అదే, చేతిలోకి వచ్చాక విలువ పెరిగింది. అటక మీద ఉన్న ప్రతి బిందె విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

ఉంటే నష్టమేముంది, పడి ఉంటుంది కదా అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఏ వస్తువూ ఊరికే పడి ఉండదు. దాన్ని దులపాలి, తుడవాలి, చెద పట్టకుండా చూడాలి, ఇల్లు మారినప్పుడు మోయించాలి. నగరంలో చదరపు అడుగుల లెక్కన కొన్న ఇంట్లో ఒక గది సామాను గదిగా మారితే, ఆ గదికి కట్టే వాయిదా సామానుకు కడుతున్నట్టే. దాచుకునేది ఇంటిల్లిపాదీ, దులిపేది మాత్రం చాలా ఇళ్లలో ఒక్క ఆడమనిషే. ఈ అన్యాయం గురించి మనం మాట్లాడుకోం. లాస్ ఏంజెలెస్ కుటుంబాలపై జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమ ఇల్లు చిందరవందరగా, పూర్తికాని పనులతో నిండి ఉందని వర్ణించిన స్త్రీలలో, రోజు గడిచేకొద్దీ తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగినంతగా తగ్గలేదు. సామానే దానికి కారణమని అంతమాత్రాన తేల్చలేం. ఇంటి భారం ఎవరి ఒంటి మీద పడుతోందో అడగడానికి ఆ ఫలితం చాలు.

కరువు చూసిన తరానికి ఈ మాటలు నచ్చవు. పారేయడం తేలిక, మళ్లీ కొనడం కష్టమంటారు పెద్దలు. వారి పొదుపును నేను తక్కువ చేయను. అయితే పాత చీరలను బొంతగా కుట్టిన అమ్మమ్మలు వాటిని దాచలేదు, వాడారు. వాడకమే పొదుపు. పదేళ్లు అటక మీద తుప్పు పట్టిన వస్తువు ఎవరికీ ఆదా కాలేదు, అవసరమున్న మరొకరికి అందకుండా పోయింది. మరి జ్ఞాపకాల సంగతి? నాన్న కళ్లజోడు, అమ్మ రాసిన ఉత్తరం తప్పకుండా ఉండాలి. వాటి కోసమే తక్కినవి తగ్గాలి. నలభై అట్టపెట్టెల అడుగున చిక్కుకున్న ఉత్తరాన్ని ఎవరూ తీసి చదవరు. ఇలా తీసేయడం కలిగినవాళ్ల వేడుక అనే విమర్శలో కొంత నిజముంది. ఏమీ లేనివారికి ఈ సలహా చెప్పడం తప్పు. కానీ రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఉండే కుటుంబానికి మంచమంత చోటు ఖాళీ అయితే కలిగే మేలు, విశాలమైన భవంతిలో ఉండేవారికి కలిగేదానికన్నా ఎక్కువే.

ఆ రోజు కోసం వెతకనక్కర్లేదు. పాతవి బయటికి తీసే పండగ మనకు భోగి ఉండనే ఉంది. ఇప్పుడది చాలాచోట్ల ప్లాస్టిక్కూ టైర్లూ తగలబెట్టి పొగ పీల్చే ఉదయంగా మారింది. మంటకు ఒక వారం ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రతి వస్తువునూ ఇది ఎందుకు ఉండాలని అడగండి. పనికొచ్చేవి శుభ్రం చేసి, అడిగి, కావాలన్నవారికే ఇవ్వండి. చిరిగిన బట్టలు ఇవ్వడం దానం కాదు. పాత ఫోన్లు, మిక్సీలు ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రాలకు పంపండి. భోగి మంటలో విరిగిన కర్ర, పిడకలు తప్ప మరేమీ వేయకండి. ఆ వారం దులిపే పనిలో మగవాళ్లు కూడా చేయి వేయండి.