ఆకులోని పచ్చరేణువులు

పిల్లలూ! మన నల్లగొండ, మహబూబునగరం మెట్టచేలలో ఆముదపు మొక్కను చూడనివారుండరు. దాని ఆకుల పచ్చదనమంతా కణాలలోని హరితరేణువులదే. చిగురాకు కణంలో ఇవి కొద్దిగానే ఉంటాయి. ఆకు పెరిగేకొద్దీ ఒక్కొక్క రేణువూ నడుమ నొక్కుకుపోయి రెండవుతుంది.

ఆ నొక్కేదెవరు? రేణువు లోపల మొలతాడులాగా ఒక మాంసకృత్తు వలయం కడుతుంది. దాని పేరు ఎఫ్‌టీఎస్‌జెడ్. పేరుకు నోరు తిరగదు గాని, సంగతి గమ్మత్తైనది. బాక్టీరియాలు రెండయ్యేటప్పుడు బిగించేదీ ఈ మొలతాడే! హరితరేణువుల పూర్వులు ఎప్పుడో మరొక కణంలో చేరి ఉండిపోయిన బాక్టీరియాలు మరి.

అయితే ఈ వలయాన్ని చేయించే జన్యువు ఇప్పుడు రేణువులో లేదు, కణకేంద్రంలో ఉన్నది. వెలుపలినుంచి మరో వలయాన్ని బిగించేదీ కణమే. దానిని రప్పించే పీడీవీ అనే మాంసకృత్తులు ఎక్కువైతే రేణువులు చిన్నవై, సంఖ్య పెరుగుతుంది. తక్కువైతే పెద్దవై, సంఖ్య తగ్గుతుంది. పెత్తనమంతా కణానిదే!

ఆవాల కుటుంబంలో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఉన్నది. ఏఆర్‌సీ-6 అనే జన్యువు చెడిన మొక్కలో కణానికి రెండే రేణువులు ఉంటాయనీ, అవి భూతాలంత పెద్దవనీ 1994లో కెవిన్ పైక్, ఆయన తోటివారు ప్రకటించారు. మొక్క మాత్రం పచ్చగానే ఉన్నది. మరి నష్టమేమిటంటారా? చిన్న రేణువులు ఎండ మితిమీరితే కణం పక్కగోడలకు తప్పుకొంటాయి, మబ్బు పడితే వెలుతురుకెదురుగా పరచుకొంటాయి. పెద్దవాటికి ఆ చురుకుదనం లేదు. వానలు ముఖం చాటేసినప్పుడు పాలమూరు ఎండలో నిలబడే మొక్కకు ఇది చిన్న సంగతా?