తెలిసినదే యను భ్రమ

ఆకాశమున విమానపు ఇంజను ఆగినప్పుడు మనుష్యుని కాపాడునవి రెండే. ఒకటి పైలటు నేర్పు. రెండవది నేల విడువకముందే చేసికొన్న సన్నాహము. మొదటిదానిని లోకము వేనోళ్ల కొనియాడును. రెండవదానిని ప్రమాదము జరిగినదాక తలచువారే యుండరు. చిన్న విమానములు విధిలేక నీటిపై దిగిన సందర్భములను విచారించినచో, ఈ రెండవ విషయమున మనము చూపు నిర్లక్ష్యము ఎంతటిదో స్పష్టము కాగలదు.

2013 డిసెంబరు 11వ తేదీన హవాయి ద్వీపములలో మొలొకాయి యందలి కలౌపాపానుండి హొనొలూలూకు ఒక సెస్నా కారవాను విమానము బయలుదేరినది. దానికి ఇంజనొక్కటే. పైలటు గాక ఎనమండుగురు ప్రయాణికులుండిరి. నేల విడిచిన కొలది సేపటికే, సముద్రముపై సుమారు 400 అడుగుల యెత్తున నుండగా, పెద్ద చప్పుడై ఇంజను పూర్తిగ ఆగిపోయినది. టర్బైను చక్రపు రెక్కలు విరిగినవని తరువాత తేలినది. పైలటు వెనుకకు మరలింప జూచి, నేల యందదని గ్రహించి, సముద్రముపైననే దింపెను. తొమ్మండుగురును సుఖముగ వెలుపలికి వచ్చిరి. ఒకరు ఈది యొడ్డు చేరిరి. తక్కినవారిని సుమారు 80 నిమిషములకు రక్షకులు నీటినుండి తీసిరి. కాని వారు వచ్చులోపలనే ఒకరు మరణించిరి. ఆమె హవాయి రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టరు లొరెట్టా ఫుడ్డీ.

ఇంజను ఆగినంత మాత్రమున విమానము రాయివలె క్రింద పడదు. రెక్కలపై గాలి పారుచున్నంతసేపు అది జారుచు దిగును. పైలటు దానిని వలసిన దిక్కునకు నడపగలడు. అయితే ఎత్తే వ్యవధి. 5,000 అడుగుల యెత్తున నున్నవానికి కొన్ని నిమిషములు దొరకును. 400 అడుగుల యెత్తున నున్నవానికి దొరకునది నిమిషమునకు లోపే. ఆ నిమిషములో పైలటు విమానమును నడుపవలెనా, ప్రయాణికులకు పాఠము చెప్పవలెనా? ఆ పాఠమునకు వేళ అంతకు ముందే గడచిపోయినది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ ప్రమాదమును విచారించినది. బయలుదేరుటకు ముందు తమకు భద్రతా సూచనలు చెప్పలేదని పలువురు ప్రయాణికులు తెలిపిరి. ఆ యుదయము విమానముపై వచ్చినవారెందరని పైలటు అడిగి, విధానము మీకు తెలిసినదే గదా యనెనని ఒకరు చెప్పిరి. మరణించినామె ధరించియున్నది పెద్దల లైఫ్ జాకెట్టు కాదు. పసిపిల్లల కొరకైనది, అదియు గాలి పూర్తిగ నిండనిది. మరియొక ప్రయాణికుడును పొరపాటున పిల్లల జాకెట్టునే ధరించెను. ఆమె దేహమున చెప్పదగిన గాయములు లేవు. అతివేగముగ ఊపిరి తీయుటచే గుండె లయ తప్పి మరణించిరని వైద్యనిర్ణయము. సరియైన జాకెట్టు ఉన్నచో ఆమె తప్పక బ్రతికియుండెడివారని మండలి చెప్పలేదు. నిబంధన ప్రకారము ముందే చెప్పియున్నచో తగిన జాకెట్టును వెదకి తీసికొనగలిగియుందురేమో యని మాత్రమే చెప్పినది. సాక్ష్యమునకు మించి వాదించుట న్యాయవాదికి తగదు గనుక నేనును అంతటితో ఆగెదను. కాని ఆ మాత్రమే చాలదా?

చట్టము నెల్లరు నెరుగుదురని న్యాయస్థానము భావింపవచ్చును. అట్లు భావింపనిచో న్యాయపాలనమే సాగదు. సముద్రము మాత్రము అట్లు భావింపదు. తెలిసినవానిని, తెలిసినదనుకొన్నవానిని అది వేరుచేసి చూచును.

పెద్ద విమానములకును ఇది వర్తించును. 1996 నవంబరు 23న ఇథియోపియా దేశపు విమానమొకటి, దుండగుల వశమై ఇంధనము తీరిపోగా, కొమొరో ద్వీపముల యొద్ద సముద్రమున పడినది. 175 మందిలో 125 మంది మరణించిరి. వారిలో కొందరు లోపలనే జాకెట్లలో గాలి నింపుకొని, నీరు చొచ్చినప్పుడు పైకప్పునకు తేలి, ద్వారము చేరలేక పోయిరి. వెలుపలికి వచ్చిన పిమ్మటనే గాలి నింపవలెనను ఒక్క మాట ప్రాణముతో సమానమని దీనివలన తెలియుచున్నది.

దీనికి ప్రతిగా పాతకాలపు ఉదాహరణ మొకటి కలదు. 1919 మే 18న హాకర్, మెకెంజీ గ్రీవ్ అను నిరువురు న్యూఫౌండ్లాండునుండి ఒంటి ఇంజను విమానమున అట్లాంటికును దాట బయలుదేరిరి. ఇంజనును చల్లార్చు నీటి ప్రవాహమునకు అడ్డు కలిగి, అది మితిమీరి వేడెక్కినది. వారు నిర్ఘాంతపడలేదు. ఓడలు తిరుగు మార్గమువైపు మరలి, మేరీ అను డెన్మార్కు ఓడను కనుగొని, దానికి చేరువనే దిగిరి. విమానపు మేనిలోనే చిన్న పడవ నొకటి అమర్చుకొనియుండిరి. ఆ యోడకు వైర్లెస్ లేకుండుటచే సుమారు వారము దినములు లోకము వారు మరణించిరనియే తలచినది. ఇరువురును ప్రాణములతో వచ్చిరి. యంత్రము చెడునని ముందే తలచినవారు గనుక, చెడినప్పుడు ఏమి చేయవలెనో వారికి తెలిసియుండెను.

ఈ చర్చ మన తెలుగువారికి దూరమైనది కాదు. 2024 నవంబరు 9న విజయవాడలో ప్రకాశము బ్యారేజి యొద్దనుండి శ్రీశైలమునకు నీటివిమానమును ప్రయోగాత్మకముగ నడపిరి. ఆ ట్విన్ ఆటర్ విమానమునకు ఇంజనులు రెండు. నీటిపై దిగుటకే అమర్చబడినది. కావున కారవానుతో దానిని సరిపోల్చుట న్యాయము కాదు. కాని యెక్కువారు మనవారే. పుష్కరములకు, దైవదర్శనమునకు బయలుదేరు వృద్ధులకు హిందీలోను, ఇంగ్లీషులోను హడావుడిగ చదివిన సూచన చెప్పినట్లా, చెప్పనట్లా? జాకెట్టు ఎచట నున్నదో, ఎట్లు ధరింపవలెనో, ఎప్పుడు గాలి నింపవలెనో తెలుగులో చెప్పి, చేతికిచ్చి చూపవలెను. అట్టి సేవ నిత్యము నడచు నాటికి దీనిని అనుమతి షరతులలో చేర్చవలెనని కోరుట న్యాయము.

ప్రయాణికులను భయపెట్టుట యేల యని కొందరందురు. భయము రెండు నిమిషములది. తెలియమి ఫలము అంతతో తీరునది కాదు. కాలము వృథా యగునని మరికొందరందురు. గంటల తరబడి ఆలస్యమును సహించు మనము రెండు నిమిషములకు లెక్క చూచుట వింత.

దోషమంతయు నడపువారిదే యనుటయు సరికాదు. సూచనలు చెప్పుచుండగా వార్తాపత్రిక విప్పుకొని, ఇవన్నియు మనకు తెలిసినవే యనుకొను చదువరులలో ఈ వ్యాసకర్తయు ఒకడు. మొలొకాయి వృత్తాంతము చదివిన పిమ్మట ఆ పత్రికను మడచి ప్రక్కన పెట్టుట నేర్చుకొంటిని. పాఠకులును అట్లు చేయుదురని నమ్మెదను.