సీటు సరే, షరతులేవి?

కోనసీమ స్త్రీలు గల్ఫ్ వెళ్ళడం కొత్త సంగతి కాదు. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇంటిపనికి వెళ్ళిన చాలామందికి ఏజెంటు మాట ఎలా ఉంటుందో తెలుసు. జీతమెంతో చెబుతాడు. ఎన్ని గంటల పని, వారానికో సెలవుందా, పడుకునే గదికి లోపల గడియ ఉందా, కష్టమొస్తే ఎవరితో చెప్పుకోవాలి - ఇవి చెప్పడు. గట్టిగా అడిగితే "అక్కడికి వెళ్ళాక చూసుకుందువుగాని" అంటాడు.

ఆ ప్రాంతపు ఆడపిల్ల ఎం.బి.బి.ఎస్. ముగించి, నీట్ పి.జి. రాసి, కౌన్సెలింగులో కాలేజీల పేర్లు వరసగా నింపడానికి కూర్చున్నప్పుడు ఆమెకు దొరికే సమాచారం కూడా ఇంతకంటే మెరుగ్గా ఉండదు. కాలేజీ వెబ్‌సైటు తెరిస్తే యాజమాన్యం సందేశం, భవనాల ఫోటోలు, పడకల లెక్క, అధ్యాపకుల జాబితా కనిపిస్తాయి. ఆమె బతకబోయే మూడేళ్ళ గురించి మాత్రం ఏమీ ఉండదు. నెలకు ఎన్ని రాత్రి డ్యూటీలు? డ్యూటీ గది ఆడవాళ్ళకు వేరుగా ఉందా? గర్భం వస్తే సెలవు ఎన్నాళ్ళు, పరీక్ష ఎప్పుడు? ఇవి అడగడమే అతి అన్నట్టు ఉంటుంది వ్యవహారం. సీటు వదిలేస్తే మాత్రం జరిమానా లక్షల్లో ఉంటుందని బాండు పేపరు స్పష్టంగా చెబుతుంది!

నిబంధనలు లేక ఇలా జరుగుతోందా? కాదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం రెసిడెంటు డాక్టరుకు మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ ఉండకూడదంది. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పి.జి. నిబంధనల్లో ఆ అంకెలు లేవు. "సహేతుకమైన పని గంటలు" అన్న మాట ఉంది. ఎవరి హేతువు ప్రకారం సహేతుకం? ప్రొఫెసరుదా, యాజమాన్యానిదా, ముప్ఫై గంటలుగా నిలబడి ఉన్న అమ్మాయిదా? 2024లో అదే కమిషన్ నియమించిన మానసిక ఆరోగ్య కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. ఈ మూడింటిలో తాను చేరబోయే విభాగం దేన్ని పాటిస్తోందో దరఖాస్తుదారుకు చెప్పే నాథుడు లేడు.

డబ్బు విషయంలో మాత్రం కొంత కదలిక వచ్చింది. కౌన్సెలింగుకు ముందే ప్రైవేటు కాలేజీలు ట్యూషన్, హాస్టలు ఫీజులన్నీ బయటపెట్టాలని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎంత స్టైపెండు ఇస్తున్నారో ప్రకటించమని అదే ఏడాది కమిషన్ కాలేజీలను అడిగింది. మంచిదే. కానీ ఫీజు ఎంతో తెలిస్తే చాలా? స్త్రీకి శరీరం ఉంటుందనీ, దానికి నిద్ర, కాన్పు, భద్రత కావాలనీ గుర్తించే సమాచారం మాటేమిటి?

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా మొదటి సంవత్సరం పి.జి. విద్యార్థిని మరణించింది. సీనియర్ వేధింపులే కారణమని ఆమె కుటుంబం ఆరోపించింది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీ మధ్య సెమినారు హాల్లో నడుం వాల్చిన యువ డాక్టరును అత్యాచారం చేసి చంపేశారు. లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీల వివరాలు, సభ్యుల ఫోన్ నెంబర్లు వెబ్‌సైట్లలో పెట్టాలని సుప్రీంకోర్టు ఈ హత్యకు ఏడాది ముందే, 2023 మే 12న ఆదేశించింది. విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. 2013 చట్టం సరేసరి. కమిటీ పేర్లు దొరకని కాలేజీ, "ఇక్కడ ఫిర్యాదు చేయవద్దు" అని బోర్డు పెట్టుకున్న కాలేజీతో సమానం.

"సీనియర్లను అడిగితే తెలుస్తుంది కదా" అంటారు. ఏ సీనియర్లను? డాక్టర్ల కుటుంబంలో పుట్టినవాళ్ళకు మేనమామో, అన్నయ్యో, కులం వాట్సాప్ గ్రూపో ఉంటుంది. తన పేటలో మొదటి డాక్టరయిన దళిత అమ్మాయికి ఎవరున్నారు? సమాచారం నోటిమాటగా తిరిగినంత కాలం అది కులం దారిలో, మగవాళ్ళ హాస్టలు దారిలోనే తిరుగుతుంది.

ఈ మౌనం తటస్థమైంది కూడా కాదు. షరతులు తెలియని చోట భయాలు నిర్ణయిస్తాయి. "సర్జరీ ఎందుకమ్మా, రాత్రుళ్ళు నిలబడాలి. చర్మవ్యాధులో, పెథాలజీయో తీసుకో, పెళ్ళికి ఇబ్బంది ఉండదు" అని ఇంట్లోవాళ్ళు అంటారు. జవాబు చెప్పడానికి అమ్మాయి చేతిలో ఒక్క కాగితం ఉండదు. పితృస్వామ్యం సలహా రూపంలో పనిచేసేది ఇలాగే.

ఇది చదువుకున్న వాళ్ళ సమస్య, మన సంఘాలకెందుకు అనుకునే మిత్రులకు ఒక మాట. ప్రభుత్వాసుపత్రిలో అర్ధరాత్రి కాన్పు చేసే చేతులు చాలాచోట్ల పి.జి.లవే. ఇప్పుడు ప్రతి పి.జి. మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలి. నిద్రలేని డాక్టరు పొరపాటు పడితే మూల్యం చెల్లించేది మన పేద స్త్రీలే. పైగా అమలాపురంలో తలపెట్టిన ప్రభుత్వ మెడికల్ కాలేజీని 2025లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య జాబితాలో చేర్చారు. యాజమాన్యం చేతులు మారేచోట షరతులు ముందే రాయించుకోవాలి.

ఇది సాధ్యం కాని కోరికేమీ కాదు. అమెరికాలో ఇంటర్వ్యూకు పిలిచిన ప్రతి అభ్యర్థికీ స్టైపెండు, సెలవులు, ప్రసూతి సెలవు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలని అక్కడి గుర్తింపు సంస్థ నియమం. అక్కడి వెబ్‌సైట్లలోనూ లోపాలున్నాయని పరిశోధనలు చూపుతూనే ఉన్నాయి. కానీ అడిగే హక్కు అక్కడ నియమంగా ఉంది. అంతదాకా ఎందుకు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళే మన స్త్రీకి పని ఒప్పందం చూపించి, దానిపై భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ ఉండాలని మన ప్రభుత్వమే నియమం పెట్టింది. అమలు ఎంత అన్యాయంగా ఉన్నా, కాగితం ఉండాలన్న సూత్రాన్ని ఒప్పుకుంది. డాక్టరుకు ఆ కాగితం ఎందుకు లేదు?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. ప్రతి పి.జి. విభాగం డ్యూటీ గంటలు, వారపు సెలవు, ప్రసూతి సెలవు, దానివల్ల కోర్సు ఎంత పొడిగించాలో, స్త్రీలకు డ్యూటీ గది, జిల్లా ఆసుపత్రి నెలల్లో వసతి, రవాణా, ఫిర్యాదు కమిటీ పేర్లు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ప్రకటించాలి. ప్రకటించని కాలేజీ పేరు కౌన్సెలింగు జాబితాలో ఉండకూడదు. ప్రకటించినవి నిజమో కాదో అక్కడ చదువుతున్న పి.జి.లే ఏటా, పేరు చెప్పకుండా, ధ్రువీకరించే ఏర్పాటు ఉండాలి.

అంతవరకూ మనం ఆగనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆరోగ్య విశ్వవిద్యాలయాన్నీ, కమిషన్‌నీ అడుగుదాం. ప్రైవేటు కాలేజీల నుంచి చట్టప్రకారం వాళ్ళు తెప్పించుకోగల సమాచారాన్ని కూడా అడగొచ్చు. వచ్చిన జవాబులను జిల్లాలవారీగా అచ్చువేసి, వచ్చే కౌన్సెలింగు నాటికి అమ్మాయిల చేతుల్లో పెడదాం. జవాబు రాని గడిని ఖాళీగానే అచ్చువేద్దాం. ఆ ఖాళీ కూడా వాళ్ళకు ఒక సమాచారమే.