సిఫిలిస్: పుండు మానినంత మాత్రాన జబ్బు పోయినట్టేనా?

మర్మాంగం దగ్గర చిన్న పుండు. నొప్పి లేదు, దురద లేదు. కొన్ని వారాలకు దానంతటదే మానిపోయింది. ఇక డాక్టర్‌తో పనేముందని చాలామంది ఊరుకుంటారు. సిఫిలిస్ ముదిరేది అలాగే.

పాతతరం సవాయి రోగమన్న ఈ సుఖవ్యాధి ఇంకా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 15-49 ఏళ్ల వారిలో 80 లక్షల మందికి ఇది కొత్తగా సోకింది.

ఎలా ముదురుతుంది?

ట్రెపోనిమా పాలిడమ్ అనే బ్యాక్టీరియా దీనికి కారణం. ప్రధానంగా లైంగిక సంపర్కం ద్వారా వస్తుంది. సోకిన సుమారు 3 వారాలకు పుండు కనిపిస్తుంది. చికిత్స చేయకపోతే తర్వాత ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు. అవీ తగ్గిపోతాయి. బ్యాక్టీరియా మాత్రం ఒంట్లోనే ఉంటుంది. కొందరిలో ఏళ్ల తర్వాత గుండె, మెదడు, నరాలను దెబ్బతీస్తుంది.

గర్భిణులకు పరీక్ష ఎందుకు?

తల్లి నుంచి కడుపులోని బిడ్డకు ఇది సోకుతుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు. అందుకే గర్భం అని తెలియగానే చేసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ కూడా ఉంటుంది. ఆ పరీక్ష రాశారంటే అనుమానించారని కాదు, అందరికీ చేస్తారు. త్వరగా బయటపడితే చికిత్సతో బిడ్డను కాపాడుకోవచ్చు.

చికిత్స ఏంటి?

తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజతీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్క డోసు సరిపోతుంది. ముదిరితే వారానికొకటి చొప్పున మూడు డోసులు అవసరం కావచ్చు. పెన్సిలిన్ పడనివారు ముందే డాక్టర్‌కు చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర వేసుకుంటే జబ్బు పూర్తిగా పోకపోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

బోధనాసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్‌’లు ఉన్నాయి. పరీక్ష, మందులు, కౌన్సెలింగ్ ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. సమాచారానికి 1097 టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేయవచ్చు.

ఈ మూడూ మరవొద్దు

* భాగస్వామికీ పరీక్ష, చికిత్స చేయించాలి. లేదంటే మళ్లీ అంటుకుంటుంది. ఒకసారి వచ్చి తగ్గితే ఇక రాదనుకోవద్దు.
* సోకిన తొలి రోజుల్లో పరీక్షలో నెగెటివ్ రావచ్చు. అనుమానం ఉంటే డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి.
* కండోమ్ ముప్పును బాగా తగ్గిస్తుంది. అయితే అది కప్పని చోట పుండు ఉంటే సోకే అవకాశం ఉంది.