ఎవరొస్తానన్నారు?

ఈసారి కంప్యూటర్ల గురించి కాదు, మా ఇంట్లో ఒక ఆదివారం ఫోన్లో జరిగిన సంభాషణ గురించి.

గుంటూరులో ఉన్న మా అమ్మకి ఆగస్టులో కంటి శుక్లం ఆపరేషన్. నేను లాప్‌టాప్ ముందు ఏదో పనిలో ఉండి, ఫోన్ పట్టుకున్న మా అబ్బాయితో "నేను ఆగస్టులో వస్తానని నాన్నమ్మకి చెప్పరా" అన్నాను. వాడు ప్రైమరీ సిక్స్.

"నాన్నమ్మా, నాన్న ఆగస్టులో వస్తారని చెప్పారు."

"ఎవరొస్తారని చెప్పాడు?"

"నాన్న."

"మీ నాన్న వస్తానన్నాడా?"

"నేను కాదు నాన్నమ్మా! నాకు ఎగ్జామ్స్ ఉన్నాయి. నాన్న."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా అమ్మ గొంతు కొంచెం తగ్గింది. "అయితే వాడు రాకుండా ఇంకెవరినో పంపిస్తున్నాడా నాన్నా? పన్లుంటే పోనీలే."

నేను ఫోన్ లాక్కుని "నేనే వస్తున్నానమ్మా" అని చెప్పేసరికి ఆవిడ సర్దుకుంది. కానీ మా అబ్బాయికి మాత్రం తన తప్పేమిటో అర్థం కాలేదు. "నేను 'వస్తాను' అంటే నేను వచ్చినట్టు కదా?" అని వాడి ప్రశ్న. నిజమే మరి. ఇంగ్లీషు లెక్కన అంతే.

ఇక్కడి పిల్లలున్న తల్లిదండ్రులకి చెప్పనక్కర్లేదు, పీఎస్ఎల్ఈ ఇంగ్లీషు పేపర్‌లో సింథసిస్ అండ్ ట్రాన్స్‌ఫర్మేషన్ అని ఒక భాగం ఉంటుంది. ఒకరు అన్న మాటని కొటేషన్లు తీసేసి మన మాటగా తిరగరాయమంటారు. "ఐ విల్ కమ్ టుమారో" అని రవి అంటే, "రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే" అని రాయాలి. "ఐ" పోయి "హి" వచ్చింది, "విల్" పోయి "వుడ్" వచ్చింది, "టుమారో" పోయి "ద నెక్స్ట్ డే" వచ్చింది. మా వాడు ఏడాదిగా ఇదే సాధన చేస్తున్నాడు. అదే లెక్క తెలుగులోనూ వేశాడు, అంతే.

వాణ్ణి నవ్వే హక్కు నాకు లేదు. నేను దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు చేశాను, ఆఫీసులో. సింగపూర్ వచ్చిన కొత్తలో ఒక ప్రాజెక్టులో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ సరిచేసి పంపాల్సిన వెండర్ హైదరాబాద్‌లో ఉండేవాడు. "ఈ రాత్రికి నేను ప్యాచ్ పంపిస్తాను" అని ఫోన్లో చెప్పాడు. నేను వెంటనే మా మేనేజర్‌కి మెయిల్ కొట్టాను: "వెండర్ టోల్డ్ ఐ విల్ సెండ్ ద ప్యాచ్ టునైట్."

మేనేజర్ స్థానిక చైనీస్ ఆయన. ఆ వాక్యాన్ని ఆయన ఎలా చదివాడో ఆలోచించండి. ప్యాచ్ పంపేది నేను! నేనేమో వెండర్ నేరుగా ఆయనకే పంపుతాడని నిశ్చింతగా ఇంటికెళ్ళి నిద్రపోయాను. ఇండియాకీ మనకీ రెండున్నర గంటల తేడా కదా, వెండర్ గారి "ఈ రాత్రి" పదిన్నర అంటే మనకి అప్పటికే మర్నాడు ఒంటిగంట. ఆయన పంపింది నా మెయిల్‌బాక్స్‌కి. పొద్దున సిస్టమ్ తెరవలేక అందరూ నా కోసం వెతికారు. "యు సే యు సెండ్, వాట్!" అన్నాడు మేనేజర్. ఆ వాక్యంలో కాలం లేదు గానీ, మనిషి మాత్రం సరిగ్గానే ఉన్నాడు.

దీని మీద నేను చాలాసార్లు ఆలోచించాను. చైనీస్‌లోనూ మలయ్‌లోనూ కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు. అందుకే సింగ్లిష్‌లో "హి సే హి కమింగ్" అంటే సరిపోతుంది. 2000లో అప్పటి ప్రధాని గో చోక్ టాంగ్ స్పీక్ గుడ్ ఇంగ్లీష్ మూవ్‌మెంట్ ప్రారంభించింది ఇలాంటి వాక్యాలు చూసే. కానీ వాళ్ళు "హి" అన్న చోట "ఐ" అనరు. మనం అంటాం. ఎందుకంటే మన "అని" అలాంటిది.

తెలుగులో ఒకరి మాట చెప్పాలంటే, ఆ మాటని ఉన్నదున్నట్టు పెట్టి చివర "అని" తగిలిస్తాం. "వస్తాను" అని రవి అన్నాడు. అది కలిసిపోతే "రవి వస్తానన్నాడు". అక్కడ "ను" అన్నది రవిది, చెబుతున్న నాది కాదు. ఇంకా చిత్రం, "రవి తను వస్తానన్నాడు" అంటాం. "తను" ఏమో ప్రథమ పురుష, "వస్తాను" ఏమో ఉత్తమ పురుష, రెండూ ఒకే మాటలో పక్కపక్కన కూర్చుంటాయి. మనకి వింతగా అనిపించదు.

భాషాశాస్త్రవేత్తలకి మాత్రం అనిపించింది. అమెరికా తాత్త్వికుడు డేవిడ్ కాప్లన్, 1989లో అచ్చయిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, "నేను" అనే మాట అర్థాన్ని మాట్లాడుతున్న మనిషి నుంచి ఇంకొకరి మీదకి మళ్ళించే పదాలు ఇంగ్లీషులో లేవన్నాడు, చేర్చడమూ కుదరదన్నాడు. అలాంటివాటికి మాన్‌స్టర్స్ అని పేరు పెట్టాడు. తర్వాత ఫిలిప్ ష్లెంకర్ 2003లో ఇథియోపియాలోని అమ్హారిక్ భాషలో అవి ఉన్నాయని వాదించాడు. ట్రాయ్ మెసిక్ అనే ఆయన మన తెలుగు క్రియలనే పట్టుకుని పరిశీలించాడు. తమిళంలోనూ ఇదే పోకడ ఉంది. హిందీలోనూ "రామ్ నే కహా కి మై ఆవూంగా" అంటే వచ్చేది రాముడే. అందుకే ఇక్కడ బడిలో మన పిల్లలు తమిళం తీసుకున్నా హిందీ తీసుకున్నా ఈ అలవాటు కొనసాగుతుంది. మన ఇళ్ళలో రాక్షసులు తిరుగుతున్నారని చెబితే మా అబ్బాయి తెగ సంబరపడ్డాడు.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం నా అభిప్రాయం. "అన్నయ్య గ్లాసు పగలగొట్టానన్నాడు" అంటే అన్నయ్య ఒప్పుకున్నట్టు. "అన్నయ్య గ్లాసు పగలగొట్టాడన్నాడు" అంటే వేరెవరి మీదో చెప్పినట్టు, లేదా వేరెవరో అన్నయ్య మీద చెప్పినట్టు. ఒక్క అక్షరం తేడా, దెబ్బలు తినేది వేరే వీపు. ఇంగ్లీషులో "హి సెడ్ హి బ్రోక్ ఇట్" అంటే ఆ రెండో "హి" ఎవరన్నది సందర్భం చూసి ఊహించుకోవాలి. మన భాష అక్కడ ఇంగ్లీషు కంటే స్పష్టంగా ఉంది. మన పిల్లలు "ను"ని వదిలేస్తే పోయేది ఆ స్పష్టతే.

ఇక మన పెద్దవాళ్ళ సంగతి. చెప్పేవాడూ నేనే, మాటా నాదే అయినప్పుడు మనిషి మారే గొడవ లేదు, కాలం ఒక్కటే చిక్కు. ముస్తఫాలో ఎవరైనా ఎదురైతే "ఐ థాట్ యు ఆర్ ఇన్ ఇండియా" అనేస్తాం. "యు వర్" అనాలి. తెలుగులో "నువ్వు ఇండియాలో ఉన్నావనుకున్నాను" అంటాం కదా, ఆ "ఉన్నావు" ఇప్పటికీ అదే, అప్పటికీ అదే. అందుకే మనకి తేడా వినపడదు. ఇప్పటికీ నిజమైన విషయాన్ని మార్చకపోయినా తప్పు కాదు: "ఐ టోల్డ్ హిమ్ ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్" అనవచ్చు, మీరు గుంటూరు వదిలినా గుంటూరు మిమ్మల్ని వదలదు. "ఐ సెడ్ ఐ విల్ కమ్" అన్నా ఫర్వాలేదు, రావడం ఇంకా మిగిలి ఉంటే. రావాల్సిన రోజు గడిచిపోతే మాత్రం "వుడ్" తప్పదు. ఇంకొకటి, "టోల్డ్" అంటే ఎవరికి చెప్పారో పక్కనే ఉండాలి: "టోల్డ్ మీ", "టోల్డ్ హిమ్". మన "చెప్పాడు"కి ఆ పట్టింపు లేదు. వినేవాడి పేరు వద్దనుకుంటే "సెడ్" వాడుకోండి. ఆ రోజు నేను "ద వెండర్ సెడ్ హి వుడ్ సెండ్ ఇట్ టు మీ" అని రాసి ఉంటే, పక్కనే ఎవరి టైమో కూడా వేసి ఉంటే, నా నిద్ర అంత ఖరీదయ్యేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆట నడుస్తోంది. నేను తెలుగులో ఒక కబురు చెబుతాను, వాడు నాన్నమ్మకి తెలుగులోనూ, అక్కకి ఇంగ్లీషులోనూ అందించాలి. మొన్న ఫోన్లో "నాన్న టికెట్ కొన్నానన్నారు, పదో తారీకుకల్లా వస్తానన్నారు" అని తడుముకోకుండా చెప్పాడు. "మా నాయనే" అంది మా అమ్మ. ఆ మురిపెం నా టికెట్ గురించో వాడి తెలుగు గురించో నేను అడగలేదు.

అదే రాత్రి పదకొండింటికి వాడి గదిలో లైటు వెలుగుతుంటే తలుపు తీసి, "ఐ థాట్ యు ఆర్ స్లీపింగ్" అన్నాను.

పుస్తకంలోంచి తలెత్తకుండానే "వర్, డాడీ" అన్నాడు.