పగడాలకూ గడువు ఇవ్వాలి

దివ్య ఖుర్‌ఆన్‌లోని ‘అర్రహ్మాన్’ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, సముద్రాల నుంచి లభించే ముత్యాలతోపాటు ‘మర్జాన్’ను కూడా పేర్కొన్నాడు. ఉర్దూ అనువాదకులు చాలామంది దీన్ని ‘మూంగా’ అన్నారు. అంటే మన పగడం. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం ఒక జాతి. సముద్రంలో దిబ్బలు కట్టి, దీవులకు ఆధారమయ్యే పగడాలు వేరే జాతులు. అయితే ఇవన్నీ ప్రాణులు నిర్మించినవే.

దిబ్బలు కట్టే పగడపు పురుగు చాలా చిన్నది. దాని శరీరంలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. ఆ నాచే సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి దానికి పెడుతుంది, రంగు కూడా ఇస్తుంది. సముద్రం మామూలు వేసవి వేడికన్నా ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలపాటు కాగితే చాలు, ఈ పొత్తు చెడిపోతుంది. నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబారుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకుంటే ఆకలితో చనిపోతుంది. సముద్రగర్భంలో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బలే దాదాపు నాలుగో వంతు సముద్రజీవులకు ఆశ్రయం.

ఇది మన దేశంలోని లక్షదీవులకు జీవన్మరణ సమస్య. అక్కడ జనం నివసించే దీవులు పది. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 96 మందికి పైగా ముస్లిములే. వారి ఇళ్ళు, మస్జిదులు, ఖబరస్తాన్‌లు అన్నీ పగడాలు కట్టిన నేలమీదే ఉన్నాయి. అలల దెబ్బను ముందుగా కాచేది ఆ దిబ్బలే. దిబ్బ క్షీణిస్తే ఒడ్డు కోతకు గురవుతుంది, ఉప్పునీటిపై పలుచగా తేలే మంచినీటికీ ముప్పే.

నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల దగ్గర నీట మునిగి 1998 నుంచి పగడాలను లెక్కిస్తూ వచ్చారు. 2025లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, 24 ఏళ్ళలో సజీవ పగడాల విస్తీర్ణం సుమారు 37 శాతం నుంచి 19 శాతానికి పడిపోయింది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో ఎల్ నినో వేడి వాటిని కాల్చింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, తర్వాతి దెబ్బలకు చనిపోయినవి మొదటిసారికన్నా తక్కువే. కానీ కోలుకునే వేగం కూడా తగ్గిపోయింది. కనీసం ఆరేళ్ళు ప్రశాంతంగా గడిస్తేనే దిబ్బ మళ్ళీ చెప్పుకోదగ్గంతగా పుంజుకుంటుందని వారు తేల్చారు. 2024లో మళ్ళీ వేడి విరుచుకుపడింది.

అంటే పగడాలకు కావలసింది మొహ్లత్, గడువు. ఇబ్బందుల్లో ఉన్న ఋణగ్రస్తుడికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమని ఖుర్‌ఆన్ మనకు బోధించింది. మరి సృష్టిలోని మూగప్రాణికి ఆ పాటి గడువు ఇవ్వవద్దా?

ద్వీపవాసులు తమ వంతు చేశారు. తరతరాలుగా వారు నడిసముద్రంలో గాలాలతో ట్యూనా పట్టి తిన్నారు, దిబ్బల చేపల జోలికి పెద్దగా పోలేదు. దానివల్ల చిలుక చేపల వంటివి మిగిలి, నాచును మేస్తూ పిల్ల పగడాలు నిలదొక్కుకునే చోటు కల్పించాయి. ఇటీవల బయటి బజారు కోసం దిబ్బల చేపలను కూడా పట్టడం మొదలైంది. అది ఆగాలి. కానీ సముద్రాన్ని కాచే వేడి ఆ చిన్న దీవుల్లో పుట్టలేదు. బొగ్గు, పెట్రోలు మండించే మనందరి వాడకంలో పుట్టింది. కాబట్టి ఇది హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటి మనుషుల హక్కులకు, సంబంధించిన విషయం. పరులకు హాని చేయరాదన్నది షరీఅత్ మూలసూత్రాల్లో ఒకటి. హాని కంటికి కనిపించనంత దూరంలో జరిగిందని బాధ్యత తప్పుతుందా?

వేడిని, చల్లదనాన్ని ఇచ్చేది అల్లాహ్ కదా, మనమేం చేయగలం అని కొందరంటారు. జబ్బూ, స్వస్థతా ఆయన చేతిలోనివే. అయినా మనం వైద్యుడి దగ్గరకు వెళుతున్నాం. భూమిమీదా, సముద్రంలోనూ కనిపించే చెడుగుకు మనిషి చేతలే కారణమని ‘రూమ్’ సూరా హెచ్చరించింది కూడా.

లక్షదీవుల సముద్రం ఎప్పుడు ప్రమాదకరంగా వేడెక్కుతోందో ఉపగ్రహాల సాయంతో గమనించి హెచ్చరిక పంపేది మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థే. మన పిల్లలకు డాక్టరు, ఇంజనీరు చదువులే కాక, సముద్రాన్ని చదివే విద్య కూడా ఉందని చెప్పాలి. అల్లాహ్ సృష్టిని పరిశీలించే ఇల్మ్ అంతా గౌరవించదగిందే. ఇమామ్ సాహెబులు జుమా ప్రసంగాల్లో ఈ మాట ఎత్తాలి. షాదీఖానాల్లో పట్టపగలు వెలిగే దీపాల వరుసలను తగ్గించాలి. యాత్రకు వెళ్ళినప్పుడు పగడపు ముక్కలను జ్ఞాపికగా తేరాదు, దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

అల్లాహ్ మనకు అమానత్‌గా అప్పగించిన నేలనూ, నీటినీ చెడగొట్టకుండా కాపాడుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.