వారంటు లేని వాళ్ళు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే మనందరి నోటికీ కొన్ని పేర్లు వస్తాయి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య, పాలకుర్తిలో విసునూరు దొరకు పంట దక్కనివ్వని చాకలి ఐలమ్మ, తుపాకి పట్టి దళంలో తిరిగిన మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి. ఈ పేర్లను తలచుకోవలసిందే. కాని 1951 అక్టోబర్‌లో విరమించే దాకా ఐదేళ్ళు నడిచిన పోరాటం పది పేర్లతో నడవదు. ఇవాళ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని జిల్లాలుగా పంచుకున్న ఈ నేల మీద ఆ ఐదేళ్ళు ఆడవాళ్ళు ఏం చేశారు, వాళ్ళకేం జరిగింది అన్నది మనం ఇంకా లెక్క రాయలేదు.

పది మంది దళం రాత్రిపూట ఒక ఊరికి వచ్చిందనుకోండి. పది మందికి అన్నం కావాలి. పొయ్యి మామూలుకన్నా ఎక్కువసేపు వెలిగితే పక్కింటికి తెలుస్తుంది, పక్కింటి నుంచి పటేలుకు తెలుస్తుంది. ఆ గింజలు ఇంట్లో ఉన్న నాలుగు గింజల్లోంచే తీయాలి, పిల్లల కడుపు కొంత మాడ్చి తీయాలి. వండింది గంపలో పెట్టి, పైన పేడో గడ్డో కప్పి, చేనుకు పోతున్నట్టు పోవాలి. చీటీ కొంగున ముడివేసుకుని పది మైళ్ళు నడవాలి. పట్టుబడితే ఎవరికిస్తున్నావని కొడతారు. ఈ పనికి చరిత్ర పుస్తకాల్లో పెట్టిన పేరు 'సహకారం'. తుపాకి మోసినవాడిది పోరాటం, వాడిని బతికించిన అన్నం మోసినదానిది సహకారం!

ఈ తేడా పుస్తకాల్లోనే ఉండిపోతే ఇంత బాధ లేదు. చట్టంలోకీ అదే ఎక్కింది. కేంద్ర ప్రభుత్వం 1972లో స్వాతంత్య్ర సమరయోధుల పెన్షన్ పెట్టింది, 1980లో దాన్ని విస్తరించింది. హైదరాబాదు సంస్థానంలో నిజాంపై పోరాడినవారిలో కొందరికి కూడా తర్వాత అది అందింది. దానికి అర్హత ఏమిటి? ఆరు నెలలు జైల్లో ఉండాలి. లేదా ఆరు నెలలకు మించి అజ్ఞాతంలో ఉండి, దానికి రుజువు చూపాలి. అంటే ప్రభుత్వం పరారీలో ఉన్న నేరస్థుడిగా ప్రకటించి ఉండాలి, పట్టిస్తే బహుమతి అని చాటి ఉండాలి, లేదా నిర్బంధ ఉత్తర్వు జారీ అయి ఉండాలి. స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల బహుమతి ప్రకటించారని మనం గర్వంగా చెప్పుకుంటాం. తల మీద పది రూపాయలు కూడా ప్రకటించని ఆడది ఆ రూలు ముందు ఏమని నిలబడాలి?

ఆడవాళ్ళకు, దళితులకు, ఆదివాసులకు జైలు శిక్ష మూడు నెలలు చాలునని సడలింపు ఇచ్చారు. రాసిన అధికారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని మన ఆడవాళ్ళలో చాలామందిని జైలుకే తీసుకుపోలేదు. క్యాంపుకు తీసుకుపోయారు. జైలుకు రిజిస్టరు ఉంటుంది, లోపలికి వచ్చిన తేదీ, బయటికి పోయిన తేదీ రాస్తారు. క్యాంపులో ఒక రాత్రి ఉంచి తెల్లవారి వదిలేసినదానికి ఏ రిజిస్టరూ లేదు. ఉన్నా ఆమె దాన్ని తెచ్చి ఎవరికి చూపుతుంది?

ఇంకో విడ్డూరం ఉంది. సమరయోధుడు చనిపోతే పెన్షన్ భార్యకు వస్తుంది. చీటీలు మోసిన, దెబ్బలు తిన్న స్త్రీకి తన పోరాటానికి దక్కనిది, మొగుడు జైలుకు పోయి ఉంటే అతని విధవరాలిగా దక్కుతుంది. మొగుడు కూడా కాగితం లేనివాడైతే అదీ లేదు.

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఈ పోరాటం మీద పెద్ద పుస్తకం రాశారు. చనిపోయినవారు నాలుగు వేలని, జైళ్ళలో మూడు నాలుగేళ్ళు మగ్గినవారు పదివేలకు పైమాటేనని, పోలీసు, మిలటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయినవారు యాభై వేలకు తగ్గరని అందులో ఉంది. నాలుగు వేల మందిలో చాలామందికి స్తూపాలున్నాయి, పేర్లున్నాయి. ఆ యాభై వేల మందికి ఊరూ పేరూ లేదు. మన ముత్తవ్వలను వెతకవలసింది అక్కడే.

అడవి పల్లెల సంగతి మరీ ఘోరం. 1949 తర్వాత యూనియన్ సైన్యం, మలబారు పోలీసులు అడవుల్లోకి దిగినప్పుడు దళాలకు తిండి అందకుండా చెయ్యాలని కోయగూడేలను ఖాళీ చేయించి ఒకచోట కుప్పేశారు. మలయాలో బ్రిటిషువాళ్ళు ఆ రోజుల్లోనే ఇదే పద్ధతి నడిపారు. ఇల్లు, చేను, ఇప్పచెట్టు, నీళ్ళ వాగు అన్నీ వదిలి జనం ముళ్ళకంచెల నడుమకు వచ్చి పడితే రోగాలు వచ్చాయి, చావులు వచ్చాయి. ఏ గూడెంలో ఎందరు తల్లులు, ఎందరు పసిపిల్లలు పోయారో రాసిన స్మారకం నేను ఎక్కడా చూడలేదు. వాళ్ళు తుపాకి పట్టలేదు కాబట్టి వీరులు కారు. భారత సైన్యం చేతిలో పోయారు కాబట్టి స్వాతంత్య్ర పోరాటం ఖాతాలోనూ పడరు.

ఎవరి బాధ ఏ ఖాతాలో పడాలన్నది కూడా రాజకీయమే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి చేసిన ఊచకోత, అక్కడి స్త్రీలపై జరిగిన అత్యాచారాలు ప్రతి సెప్టెంబర్ 17న సభల్లో వినిపిస్తాయి. వినిపించాలి కూడా. మరి అదే సెప్టెంబర్‌లో సైనిక చర్య వెంట ముస్లిం స్త్రీలకు జరిగిన దాని మాటేమిటి? నెహ్రూ పంపగా వచ్చిన సుందర్‌లాల్ బృందం చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది, స్త్రీలపై అత్యాచారాలు, అపహరణలు జరిగాయనీ రాసింది. ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను దశాబ్దాలు దాచిపెట్టారు. 2013లో గాని జనం చదివే వీలు రాలేదు. మన సంఘాలు ఒకరి అమ్మమ్మ కథ చెప్పి ఇంకొకరి నానమ్మ కథ మింగేస్తే, ఆ దాచిపెట్టినవాళ్ళకు మనకు తేడా ఉండదు.

పార్టీని కూడా అడగవలసిందే. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకు తెలుసు. అడవిలో కన్న బిడ్డ ఏడిస్తే దళం జాడ తెలుస్తుందని పరాయి చేతుల్లో పెట్టి నడిచిపోయిన తల్లులున్నారు. పోరాటం ఆగాక ఇంటికి పోయి సంసారం చూసుకోమన్నారని చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. నలభై ఏళ్ళ పాటు వాళ్ళను ఎవరూ ఇంత వివరంగా అడగలేదు. అందులోనూ చాలావరకు పార్టీకి తెలిసినవాళ్ళే మాట్లాడారు. పార్టీకి కూడా పేరు తెలియనివాళ్ళ దాకా మనం పోలేదు.

టేకుమట్లలో సంఘం మీటింగుకు వచ్చే ఆడపిల్లలను ఐలమ్మ ఎవరని అడిగితే ఠక్కున చెబుతారు. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారని కూడా చెబుతారు. మీ ఇంట్లో ఆ రోజుల్లో ఎవరున్నారంటే "మా తాత సంగంల ఉండెనట" అంటారు. మరి ముత్తవ్వ? "ఆమె ఇంట్లనే ఉండె." ఇంట్లో ఉన్నదానిదే అన్నం, ఇంట్లో ఉన్నదాని మీదే లాఠీ.

బంగ్లాదేశ్‌లో 1971 యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీలకు యుద్ధం ముగిసిన వెంటనే 'బీరాంగన' అని బిరుదిచ్చారు. ఆ బిరుదే ఊళ్ళల్లో వాళ్ళకు మచ్చగా మారింది. 2015లో ఆ దేశం వాళ్ళను విముక్తి యోధులుగా గుర్తించి యోధులకిచ్చే భత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. నలభై నాలుగేళ్ళు ఆలస్యమే, అప్పటికే ఎందరో పోయారు. అయినా శరీరం మీద జరిగిన యుద్ధం కూడా యుద్ధమేనని ఒక పొరుగు ప్రభుత్వం ఒప్పుకుంది. మనదగ్గర ఆ మాట కనీసం చర్చకు రాలేదు.

1948లో పదిహేనేళ్ళ పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. కాబట్టి పెన్షన్ కోసం ఇప్పుడు కొట్లాడినా తీసుకునేవాళ్ళు మిగలలేదు. లెక్క కోసం మాత్రం కొట్లాడవచ్చు. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో నిజాం కాలపు దస్త్రాలున్నాయి. క్యాంపుల దస్త్రాలు ఏ శాఖలో ఏవి మిగిలి ఉన్నా అవి బయటపెట్టమని అడుగుదాం. అవి వచ్చే దాకా కాచుకోనక్కరలేదు. మిలటరీ క్యాంపు ఏ ఊళ్ళో, ఎక్కడ పెట్టారో, బడిలోనా, గడీలోనా, చావడిలోనా, వృద్ధులు ఇప్పటికీ చూపించగలరు. ముందు ఆ చోట్లు రాసుకుందాం. అక్కడికి ఎవరిని తీసుకుపోయారో పేర్లు చెప్పాలా వద్దా అన్నది ఆ ఇంటి ఆడవాళ్ళ ఇష్టం.